అలీ దవడ విరిచినవాడి దవడ గట్టిదేనా?

1973 మార్చి 31, అమెరికాలోని శాన్‌డియాగో. అప్పటిదాకా 42 పోరాటాల్లో మహమ్మద్ అలీ ఓడింది ఒక్కసారే. ఎదుట నిలబడ్డ కెన్ నార్టన్ పేరు బాక్సింగ్ పిచ్చి ఉన్నవాళ్లకు కూడా అంతంతమాత్రంగానే తెలుసు. 12 రౌండ్లు పూర్తయ్యేసరికి అలీ దవడ విరిగి ఉంది. విజేత... నార్టన్!

ఏడాదికి అయిదు రోజులు తక్కువ. 1974 మార్చి 26న వెనెజులా రాజధాని కారకాస్‌లో అదే నార్టన్ జార్జ్ ఫోర్‌మన్ ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడనడం కూడా ఎక్కువేనేమో! రెండో రౌండ్లోనే కథ ముగిసింది.

నార్టన్‌ది గాజు దవడ అని ఒక వర్గం, కాదని ఇంకో వర్గం. బాక్సింగ్ అభిమానుల మధ్య ఈ తగువు ఇప్పటికీ తెగలేదు. మొదటి వర్గం చేతిలో ఉన్న లెక్క చిన్నదే కానీ గట్టిది. మొత్తం 50 పోరాటాలు, 42 గెలుపులు, ఒక డ్రా, 7 ఓటములు. ఆ ఏడింటిలో మూడు పాయింట్ల మీద పోయినవి: రెండు అలీతో, ఒకటి లారీ హోమ్స్‌తో. మిగతా నాలుగూ నాకౌట్లే. కొట్టినవాళ్లెవరు? 1970లో జోస్ లూయిస్ గార్సియా, 1974లో ఫోర్‌మన్, 1979లో ఎర్నీ షేవర్స్, 1981లో గెర్రీ కూనీ. నలుగురివీ బరువైన చేతులే. షేవర్స్‌కు ఒక్క రౌండ్ కూడా పట్టలేదు. కూనీకైతే 54 సెకన్లు చాలు!

'వయసు చూడరేం?' అంటారు రెండో వర్గం వాళ్లు. నిజమే. షేవర్స్‌తో తలపడేనాటికి నార్టన్‌కు 35, కూనీతో 37. గార్సియా మీద 1975లో అయిదో రౌండ్లోనే పగ తీర్చుకున్నాడు. అదే ఏడాది జెర్రీ క్వారీని కూడా అయిదు రౌండ్లలో ముగించాడు. ఓటమి ఎరగని డ్వేన్ బాబిక్‌ను 1977లో 58 సెకన్లలో పడగొట్టాడు. ఇక్కడో చిక్కుంది. క్వారీ అప్పటికే జో ఫ్రేజియర్ చేతిలో చితికిపోయి ఉన్నాడు. నార్టన్‌కు వయసు మినహాయింపు ఇచ్చి, క్వారీకి ఇవ్వకపోతే అది తూకం కాదు. పైగా అలీ 1977లో అదే షేవర్స్ ముందు 15 రౌండ్లూ నిలబడి గెలిచాడు. హోమ్స్ 1979లో అతని దెబ్బకు కిందపడి కూడా లేచి గెలిచాడు.

కూనీ పోరును మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. ఆ వీడియో ఒక్కసారి చూస్తే చాలు, రెండోసారి చూడబుద్ధి కాదు. మూలన తాళ్లకు ఆనుకుపోయిన నార్టన్ కిందపడే వీలు కూడా లేక అలాగే కూలబడ్డాడు. దెబ్బలు పడుతూనే ఉన్నాయి. రిఫరీ ఆపేసరికి ఆలస్యమైంది. మళ్లీ అతను రింగులోకి దిగలేదు.

కాబట్టి తేలాల్సింది కారకాస్ సంగతే. అప్పుడు నార్టన్‌కు 30 ఏళ్లు. అలీని ఒకసారి ఓడించి, రెండోసారి అంగుళం దూరంలో ఆగినవాడు. సాకులు చెప్పడానికి లేదు. అయినా నాకు తప్పు దవడలో కన్నా కాళ్లలోనే కనిపిస్తుంది. నార్టన్ చేతులు అడ్డంగా మడిచి, కుడికాలు ఈడ్చుకుంటూ ఎప్పుడూ ముందుకే నడిచేవాడు. అలీ వెనక్కి జరిగే మనిషి. కనుక నార్టన్‌కు కావలసినంత దారి దొరికింది. ఇద్దరూ కలిసి 39 రౌండ్లు ఆడినా ఒక్కసారీ కింద పడలేదు. ఫోర్‌మన్ అలా కాదు, మనిషిని తోసుకుంటూ వస్తాడు. వెనక్కి నడవడం నార్టన్‌కు చేతకాలేదు. నేరుగా తాళ్ల మీదకు పోయాడు, అక్కడే తిన్నాడు. ఏడు నెలల తర్వాత కిన్షాసాలో అలీ కూడా ఆ తాళ్లనే నమ్ముకున్నాడు. కాకపోతే కావాలనే! వాలి, కాచుకుని, ఫోర్‌మన్‌ను అలసిపోనిచ్చి ఎనిమిదో రౌండ్లో కూల్చాడు. ఫ్రేజియర్‌నూ ఫోర్‌మన్ 1973లో రెండు రౌండ్లలోనే మట్టి కరిపించాడు. ఫ్రేజియర్‌ది మాత్రం గాజు దవడని ఎవరూ అనరు!

1978లో హోమ్స్‌తో జరిగిన 15 రౌండ్ల పోరు గుర్తుందా? ముగ్గురు న్యాయనిర్ణేతల కార్డుల మీదా 143-142. ఇద్దరు హోమ్స్‌కిచ్చారు, ఒకరు నార్టన్‌కి. రింగులో టైటిల్ పోరు ఒక్కటీ గెలవకుండానే ఛాంపియన్ అయినవాడు, ఒక్క పాయింటుతో ఆ బెల్టు పోగొట్టుకున్నాడు.

నా పద్దులో కూనీకి సున్నా, షేవర్స్‌కు సగం. కారకాస్‌కు మాత్రం పూర్తి మార్కు ఫోర్‌మన్‌దే. ఇక 1976లో యాంకీ స్టేడియంలో అలీతో మూడో పోరు నిజానికి ఎవరు గెలిచారంటారా? ఆ తగువు ఇంకో ఆదివారానికి ఉంచుకుందాం.