విత్తనమునందలి వంశగుణము

వరి ఈనిన దినములలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల గట్లపై నడచు రైతు సోదరులకు సాంబ మసూరి మడులలో అచ్చటచ్చట తలయెత్తి నిలిచిన పొడవు మొక్కలు కానవచ్చుచుండును. అది నేల బలమని కొందరు సరిపెట్టుకొందురు. మేమట్లు తలంపము. ఒకే నీరు, ఒకే యెరువు పొందిన మడిలో ఏ నాలుగైదు మొక్కలో వేరుగా నుండినచో, ఆ భేదము తరచుగా విత్తనముతో వచ్చినదే.

బాపట్ల పరిశోధనా ఫలముగా 1986లో విడుదలయిన బి.పి.టి. 5204 రకమే మన సాంబ మసూరి. జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి యను మూడు రకముల సంకరమువలన నిది పుట్టినది. పొట్టితనము తైవాను దేశపు తైచుంగ్ రకమునుండి వచ్చినది. దానికి ముఖ్యకారణము ఒక్క జన్యువే. పొడవు రకముతో కలిపినప్పుడు అది మొదటి తరమున అణగియుండి, రెండవ తరమున నాలుగింట నొక పాలు మొక్కలలో బయలుపడును. 1866లో మెండెల్ పండితుడు బఠాణీలనుగూర్చి ప్రకటించిన సూత్రమే యిది.

దిగుబడి యట్టిది కాదు. అనేక జన్యువుల స్వల్పప్రభావములు నేలతోను, నీటితోను కూడి ఫలించును. కావున స్థిరపడిన రకములో గట్టుప్రక్క బలిసిన కంకిని విత్తనమునకు దాచినను, ఆ బలుపు మరుసటి పైరునకు సంక్రమింపదు.

ఎండాకు తెగులునకు సాంబ మసూరి లొంగుననుట మన మెరిగినదే. హైదరాబాదు శాస్త్రజ్ఞులు మూడు నిరోధక జన్యువులను దీనియందు చేర్చగా, 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలయ్యెను. అందొక జన్యువు ఆఫ్రికా అడవి వరినుండి గ్రహింపబడినది. ఎరువు ఈయలేని గుణమును వంశము ఈయగలదని దీనివలన తేటపడుచున్నది.

హైబ్రిడ్ పంట గింజను మరల విత్తినచో గుణములు చెదరిపోవును; ఏటేట క్రొత్త విత్తనము కొనక తప్పదు. సాంబ మసూరి స్థిరపడిన వంశము. వరి తన పుప్పొడితోనే గింజ కట్టును. కల్తీ చేరనీయనిచో రైతు తన విత్తనమును తానే నిలుపుకొనగలడు.

కావున ప్రతి గ్రామ సంఘమును ఒక విత్తనపు మడిని ప్రత్యేకించి, ఈనికకు ముందును పిదపను కేళీలను ఏరివేయించి, కళ్లమును గోనెలను శుభ్రపరచి, ఆ ధాన్యమును సభ్యులకు పంచవలెనని మా మనవి. కొన్ని యేండ్ల కొకసారి ధ్రువీకృత విత్తనముతో మడిని మార్చుటయు మేలు. విత్తొకటి నాటిన చెట్టొకటి మొలవదని పెద్దల మాట. నాటినదేదో ముందుగా నెరుగుట మన విధి.