పాలమూరు చదువు ముచ్చట్లు – 9: మనోడు మొద్దు, వాళ్లోడు డిస్లెక్సిక్



ఒకే ఇబ్బందికి ఈ దేశంలో రెండు పేర్లున్నాయి. హైదరాబాద్ కార్పొరేట్ బడిలో పిల్లవాడు పదేళ్లొచ్చినా కూడబలుక్కుని చదువుతుంటే తల్లిదండ్రుల్ని పిలిపించి సైకాలజిస్టు దగ్గరికి పంపిస్తారు. దాని పేరు డిస్లెక్సియా. అదే పిల్లవాడు గద్వాల దగ్గర ఏ మాదిగవాడలోనో పుడితే పేరు మొద్దు. ఇంకొంచెం కోపమొస్తే, "మీకు చదువెట్ల అబ్బుతదిరా!" మొదటి పేరు పిల్లవాడి ఇబ్బంది గురించి. రెండో పేరు వాడి కులం గురించి.

డిస్లెక్సియా అంటే తెలివి తక్కువ కాదు. అక్షరాన్ని ధ్వనితో జతచేసే పని మెదడుకు కష్టం కావడం. మన లిపిలో ప, ష, స, వ, మ చూపుకు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి మీద గుణింతం, కింద ఒత్తు. విన్నది అర్థమవుతుంది, అడిగితే జవాబు వస్తుంది. పుస్తకం చేతికిస్తేనే గొంతు ఆగిపోతుంది. నోటితో కథ మొత్తం చెప్పి, పరీక్షలో తెల్లకాగితం ఇచ్చిపోయే పిల్లలు డిగ్రీ దాకా వస్తున్నారు.

వాళ్లందరికీ డిస్లెక్సియా ఉందని నేననను. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లాలో అక్షరాస్యత దాదాపు 50 శాతం, తెలంగాణలో అట్టడుగు. సీడు పత్తి క్రాసింగ్ పనులొస్తే పిల్లలు చేలల్లో ఉంటారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి తల్లిదండ్రులు వలసపోతే పిల్లల చదువు మధ్యలో తెగుతుంది. బడికి పోకపోతే అక్షరం రాదు, దానికి వైద్య నామం అక్కర్లేదు. కానీ ఈ కారణాల చాటునే ఇంకో పిల్ల దాగిపోతోంది. రోజూ వచ్చి కూర్చున్నా చదవలేని పిల్ల. ఆమెను విడిగా చూసే కన్ను మన బళ్లలో లేదు.

చట్టం ఉంది. 2016 అక్టోబరులో మన మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. అదే ఏడు డిసెంబరులో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 1995 చట్టంలో లేని డిస్లెక్సియాను కొత్త చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. ఇలాంటి ఇబ్బందిని చిన్న వయసులోనే గుర్తించి తోడ్పడే బాధ్యతను బడి మీద పెట్టింది. 2021లో నీట్ రాసిన అవ్ని ప్రకాశ్ అనే విద్యార్థిని, తనకు డిస్గ్రాఫియా ఉన్నా అదనపు సమయం ఇవ్వలేదని సుప్రీంకోర్టు దాకా పోయి, తనకు అన్యాయం జరిగిందని ఒప్పించింది. మన కూలి తల్లి సర్టిఫికెట్ కోసం ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలి?

సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేని సాయం ఒకటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో "సెలెక్ట్ టు స్పీక్" దొరుకుతుంది. తెర మీది తెలుగును అది పైకి చదువుతుంది, చదువుతున్న మాటను రంగుతో చూపిస్తుంది. కన్ను, చెవి ఒకే మాట మీద నిలుస్తాయి. వేగం తగ్గించుకోవచ్చు, ఎన్నిసార్లయినా వినొచ్చు. యంత్రం విసుక్కోదు, కులం అడగదు. అయితే అది చదవడం నేర్పదు. అక్షరానికీ ధ్వనికీ ముడి వేసి ఓపికగా నేర్పే టీచరు కావాల్సిందే. ఆ నేర్పు ఒంటబట్టేలోగా సైన్సు, సాంఘికశాస్త్రం చేజారకుండా ఈ గొంతు కాపాడుతుంది.

ఇక్కడ మన ఇంటి పని కూడా ఉంది. మన దళిత కవిత్వ సంకలనాలు, చిన్న పత్రికలు, కరపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో కంపోజ్ అయినవే. అవి యూనికోడ్ కావు. ఆ పీడీఎఫ్‌లు తెరిస్తే కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. స్కాన్ చేసినవైతే వట్టి బొమ్మలు. అంటే అంబేడ్కర్ గురించి మనం వేసిన పుస్తకం కూడా ఈ పిల్లకు మూగదే. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం, వికలాంగులు చదువుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. అడ్డం చట్టం కాదు, మన పట్టింపులేనితనం.

"వింటే అది చదువెట్లయితది, కాపీ కొట్టినట్టే కదా" అనేవాళ్లున్నారు. వేదాన్ని చెవితో నేర్చుకుంటే దానికి శ్రుతి అని పేరు పెట్టి పూజించారు. శూద్రుడు వింటే చెవుల్లో సీసం, లక్క కరిగించి పోయాలని గౌతమ ధర్మసూత్రం రాసుకుంది. వాళ్లు వింటే విద్య, మన పిల్ల వింటే మోసమా? చిందు కళాకారులు జాంబపురాణాన్ని తరతరాలుగా నిలబెట్టింది నోటితోనే, చెవితోనే. వినడం మనకు తక్కువ చదువు ఎప్పుడూ కాలేదు.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. మూడు జిల్లాల్లోనూ ప్రతి మండలంలో మూడో తరగతిలోనే పరీక్షించే ఏర్పాటు కావాలి. సర్టిఫికెట్ శిబిరం జిల్లా కేంద్రంలోనే పెట్టాలి. సంక్షేమ హాస్టళ్లలో ఫోను నిషిద్ధమైన చోట, పాఠం వినడానికి టాబ్, ఇయర్‌ఫోన్లు ఇవ్వాలి. పాఠ్యపుస్తకాలన్నీ యంత్రం చదవగలిగే యూనికోడ్‌లో రావాలి.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు ఎవరినీ అడగకుండా మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. ఈ వారం ఒక పాత కరపత్రాన్ని యూనికోడ్‌లో టైపు చేయండి. మీ హాస్టల్లో "మొద్దు" అని పేరుపడ్డ పిల్ల పక్కన కూర్చుని దాన్ని వినిపించండి. తర్వాత ఆమె ఏమంటుందో మీరు వినండి.

జై భీమ్.