దాస్యచరిత్ర విచారణలో తెలుగు సాక్ష్యము

మారిషస్‌లో 2009న ఏర్పడిన సత్యన్యాయ విచారణసంఘము ఆ ద్వీపమునందలి బానిసత్వమును, దాని వెనుక వచ్చిన ఒప్పందకూలీ పద్ధతిని కలిపి పరిశీలించి, 2011 నవంబరులో నివేదిక సమర్పించినది. ఆ కూలీలలో తెలుగువారును గలరు. వారు ఓడ యెక్కిన ఈ గడ్డమీద అట్టి బహిరంగవిచారణ జరుగలేదు. జరుగవలెనని నా అభిప్రాయము. జరిగినచో అందు చరిత్రకారుని సరసన, న్యాయవేత్త సరసన భాషావేత్తయు కూర్చుండవలెను. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ రెండవ మాట కొరకే.

మనకు పూర్వోదాహరణము లేకపోలేదు. భారత న్యాయసంఘము 1841లో బానిసత్వముపై నివేదిక యిచ్చినది. 1843 నాటి 5వ చట్టమునకు అదియే దారి తీసినది. ఆ చట్టము మనిషిపై మనిషికి గల యాజమాన్యపు హక్కును న్యాయస్థానములు గుర్తింపరాదని చెప్పినది. బానిసను కొనుట, అమ్ముట నేరమగుటకు 1860 నాటి శిక్షాస్మృతి రావలసివచ్చెను. ఆ సంఘమునకు ప్రధానాధారములు జిల్లా అధికారుల జాబులు, ధర్మశాస్త్ర వ్యాఖ్యలు. యజమాని భాషలో అడిగిన ప్రశ్నకు యజమాని భాషలోనే సమాధానము వచ్చును గదా!

తెలుగుదేశమున దాస్యము తరచు 'బానిస' యను పేరుతో కనబడదు. సంస్కృత 'విష్టి' నుండి వచ్చిన 'వెట్టి' మనకు మిక్కిలి పరిచితము. నిజాము రాజ్యమున దొరలు, దేశముఖులు చేయించుకొన్న వెట్టిచాకిరి 1946-51 నాటి తెలంగాణ రైతాంగపోరాటమునకు ముఖ్యకారణములలో నొకటి. మన్యప్రాంతములలో 'గోతి' యుండెడిది. అప్పు పుచ్చుకొన్నవాడు అది తీరువరకు ఇచ్చినవాని యింట పనిచేయవలెను. తండ్రి తీర్చలేనిది కొడుకు మెడకు చుట్టుకొనెడిది. మద్రాసు ఏజెన్సీకి 1940లో, ఒరిస్సాకు 1948లో ఈ ఋణదాస్యముపై ప్రత్యేకశాసనములు వచ్చినవి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము భాషాభిమానులకు మరింత ఆసక్తికరము. దాని నిర్వచనమున నానా ప్రాంతముల దాస్యపద్ధతుల పేర్లు సుమారు ముప్పది వరుసగా నున్నవి. వెట్టి, పాలేరు, జీత, భగేల అందు చేరినవి, గోతి చేరలేదు. శాసనకర్తలు తమకు తెలియకయే ఒక చిన్న నిఘంటువు కూర్చిరి, అర్థములు వ్రాయుట మాత్రము మరచిరి!

ఆ పట్టికలోని 'జీత' శబ్దమును చూడుడు. ఖరగ్పూరు రైల్వే కర్మాగారమున పనిచేయు తెలుగువాడు నెలకొకసారి పుచ్చుకొనునది జీతమే. చట్టము దాస్యముగా ఎంచినదియు జీతమే. ఒకే మాట ఈ రెండు కొనలకు ఎట్లు పాకినదో తెలియవలెనన్న నిఘంటువు చాలదు. జీతగాండ్రుగా నున్నవారి సంతతి నోటి మాట వినవలెను.

ఊళ్ల పేర్లును ఇట్టివే. కాకినాడ చెంత గల కోరంగి రేవు 1839 ఉప్పెనలో నాశనమైనది. కాని బర్మాలోను, మారిషస్‌లోను ఆ రేవు పేరే తెలుగువారికి జాతినామమైనది. మారిషస్ వలసపత్రములు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. తెలుగు రాని గుమాస్తా చెవికి సోకినట్లు పరలిపిలో వ్రాసిన పేరునుండి అసలు ఊరిని, ఇంటిపేరును పోల్చుకొనుట ధ్వనిశాస్త్రము తెలిసినవారి పని.

ఇక ఖరగ్పూరు మాట. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి ఉత్తరాంధ్ర, గంజాము ప్రాంతముల తెలుగువారు ఇచట స్థిరపడిరి. వీరి పూర్వులను గూడ దాస్యచరిత్రలో చేర్పవలెనని కొందరనవచ్చును. నే నంగీకరింపను. తోట విడిచిన ఒప్పందకూలీకి చెరసాల శిక్ష యుండెడిది. ఖరగ్పూరు కార్మికులో, 1927లో సమ్మె చేసిరి. వరాహగిరి వేంకటగిరివంటి నాయకులతో సంఘము కట్టుకొనిరి. ఆ బ్రదుకు కష్టభూయిష్ఠమే, కాని దానిని బానిసత్వమనుట అసలు బానిసకును అన్యాయము, సమ్మె చేసినవానికిని అన్యాయము.

అయినను విచారణసంఘము ఇచటికి రావలసియే యున్నది. రైలుపనికి వచ్చినవారు వెనుక ఏమి విడిచి వచ్చిరి? అప్పునా, వెట్టినా, కేవలము కరవునా? ఈ ప్రశ్నకు కంపెనీ దస్తరములు సమాధానము చెప్పవు. ఊరిలో నున్నవాడు తన పూర్వుడు ఎవరి పాలేరో చెప్పుటకు నేటికిని జంకవచ్చును, ఎందుకన ఆ యజమాని సంతతియు తెలుగువారే, ఆ యూరివారే. దూరమున నున్నవానికి ఆ జంకు కొంత తక్కువ. ఇట్టి విచారణకు మనలో ఉత్సాహము లేకపోవుటకు కారణము ఇదియే యని నా యనుమానము. తెల్లవాని ఓడను నిందించుట సులభము, మన పెరటిలోని కొట్టమును చూపుట కష్టము. ఓడతో ఆగిపోవు సంఘము నాకు అక్కరలేదు.

సాక్ష్యము తెలుగులోనే తీసికొని, మాండలికము చెడకుండ తెలుగులిపిలోనే ప్రకటింపవలెను. ఆంగ్లసంగ్రహములో వెట్టి, గోతి, జీతము అన్నియు ఒకే 'లేబరు'గా కరగిపోవును. పశ్చిమవంగ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నీయ నిర్ణయించినది గనుక, ఖరగ్పూరున తెలుగు సాక్ష్యము కోరుట అతిశయోక్తి కాదు. సంఘము ఏర్పడువరకు వేచియుండక, విశ్వవిద్యాలయములలోని తెలుగు శాఖలు 1976 చట్టపు పట్టికలోని తెలుగు పదములతోను, అందు చేరని గోతితోను పదసేకరణ ప్రశ్నావళి నొకదానిని సిద్ధము చేయవచ్చును. దానిని ముందుగా పరీక్షించుటకు ఈ రైల్వే పట్టణము తగినది.