ఇల్లు ఇచ్చింది బడి ఖాతాలో

పోటీ పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా పిల్లల ఫొటోలే. టీవీలోనేమో ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు అంటూ ఒకటే హోరు. ఈ ప్రకటనల్లో ఎంత వెతికినా దొరకని సంగతి ఒకటుంది. ఆ పిల్లలు కాలేజీలో చేరిన రోజుకే ఎంత చదువుతో వచ్చారన్నది. పదో తరగతిలో ముందు వరుసలో నిలిచినవాళ్లను ఏరుకుని, ఫీజు తగ్గించి, విడిగా బ్యాచ్ పెట్టి చదివిస్తే ర్యాంకులు రాక ఏం చేస్తాయి? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, వాళ్ల పేరు చెప్పి మిగతా సీట్లు అమ్ముకుంటారు. అప్పు చేసి ఫీజు కట్టి, చివరి సెక్షన్‌లో కూర్చున్న పిల్లాడు ఏమయ్యాడో ఎవరూ అడగరు.

చదువు వల్ల వచ్చిందెంత, ఇంటి వల్ల వచ్చిందెంత అన్నది ఆర్థికవేత్తలను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. 1966లో అమెరికాలో ఆరు లక్షలమందికి పైగా విద్యార్థులను పరిశీలించిన కోల్‌మన్ నివేదిక, పిల్లల మార్కుల్లో తేడాకు బడిలోని వసతుల కన్నా ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని తేల్చింది. అయితే బళ్ల మీద పెట్టే ఖర్చంతా దండగేనా అని అప్పట్లో చాలామంది నీరుగారిపోయారు. ఇల్లు, బడి కలిసే ఉంటాయి కనుక వాటిని విడదీసి చూడటం ఎలాగన్నదే చిక్కు.

ఆ చిక్కును విప్పిన గట్టి ప్రయత్నాల్లో ఒకటి మన పల్లెల్లోనే జరిగింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 ఊళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. సర్కారు బడి పిల్లలను ప్రైవేటు బడిలో చేర్చడానికి తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకుని లాటరీ వేశారు. పేరు వచ్చినవాళ్లకు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఉచితం. రానివాళ్లలో ఎక్కువమంది ఉన్నచోటే ఉండిపోయారు. ఇందులో కీలకం లాటరీయే. రెండు వైపులా ప్రైవేటు చదువు కావాలనుకున్న తల్లిదండ్రులే. కూలీ ఇళ్లయినా, కాస్త ఉన్న ఇళ్లయినా, అక్షరం వచ్చిన తల్లులైనా, రాని తల్లులైనా ఇటూ అటూ ఒకే పాళ్లలో పడతారు. ఇక తేడా అంటూ వస్తే అది బడిదే.

నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు! హిందీలో మాత్రం లాటరీ తగిలిన పిల్లలు బాగా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు కాబట్టి అందులో వింత లేదు. అంటే మామూలుగా ప్రైవేటు బడి పిల్లల మార్కుల్లో మనకు కనిపించే ఆధిక్యంలో సింహభాగం, వాళ్లు ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నదే.

అలాగని ప్రైవేటు బడులను తీసిపారేయడానికి దీన్ని వాడుకోవాలనుకునేవాళ్లు కాస్త ఆగాలి. ఆ బళ్లలో తెలుగుకు, లెక్కలకు కేటాయించిన సమయమే తక్కువ. ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చయితే సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. తక్కువ జీతానికి, పెద్దగా శిక్షణ లేని టీచర్లతోనే వాళ్లు అంత నెట్టుకొచ్చారు. ఇది సర్కారు బడి సంబరపడాల్సిన ఫలితమేమీ కాదు.

మార్కుల సంగతి సరే, సంపాదన మాటేమిటి? అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ట్విన్స్‌బర్గ్ అనే ఊళ్లో ఏటా కవలల జాతర జరుగుతుంది. 1991లో ఓర్లీ యాషెన్‌ఫెల్టర్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు ఆ జాతరలో కవలలను వివరాలు అడిగించారు. ఎంత చదివావు అని మాత్రమే కాదు, మీ తోబుట్టువు ఎంత చదివారు అని కూడా. ఎందుకంటే తన చదువు గురించి మనిషి చెప్పేది అన్నిసార్లూ కచ్చితంగా ఉండదు. కవలల మధ్య తేడాయే ఒకటి రెండేళ్లయినప్పుడు చిన్న పొరపాటు కూడా లెక్కను తారుమారు చేస్తుంది. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు, పోలికలూ ఒకటే. అయినా ఎక్కువ చదివిన మనిషి సంపాదన ఏడాది చదువుకు 12 నుంచి 16 శాతం ఎక్కువని తేలింది. తర్వాత మరింతమంది కవలలతో చేసిన లెక్కలో అది 9 శాతం దాకా దిగింది. దిగింది కానీ సున్నా కాలేదు. కవలల్లో ఒకరే ఎందుకు ఎక్కువ చదివారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

అదే క్రూగర్, స్టేసీ డేల్‌తో కలిసి 2002లో ఇంకో ముడి విప్పారు. పేరున్న కాలేజీల్లో చదివినవాళ్లనూ, అలాంటి కాలేజీలకే దరఖాస్తు పెట్టి, సీటొచ్చే సత్తా ఉండీ మామూలు కాలేజీకి వెళ్లినవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. సంపాదనలో దాదాపు తేడా లేదు. ఒక్క పేదింటి పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ చదువు బాగా కలిసొచ్చింది.

నా దృష్టిలో అసలు విషయం ఇదే. అమెరికాలో బాబాయి, కంపెనీలో రిఫరల్ ఇచ్చే బావ ఉన్న కుర్రాడు ఏ కాలేజీలో చదివినా ఒడ్డున పడతాడు. ఇంట్లో తొలిసారి డిగ్రీ మెట్లెక్కిన పిల్లకు ఆ పరిచయాలన్నీ కాలేజీయే ఇవ్వాలి. కాబట్టి ప్రభుత్వం ప్రతి రూపాయికీ వేసుకోవాల్సిన ప్రశ్న, ఏ కాలేజీకి ఎన్ని ర్యాంకులొచ్చాయన్నది కాదు, ఇంటి దన్ను లేని పిల్లలను ఏ కాలేజీ ఎంత ముందుకు నడిపిందన్నది.

ఈ కొలతను ప్రభుత్వాలు తమ సొంత బడులకూ పెట్టుకోవాలి. 1971లో సర్వేల్‌లో మొదలైన సర్కారు గురుకులాల బాట గొప్పదే, నిజంగానే ఎన్నో కుటుంబాల రాత మార్చింది. కానీ ప్రవేశ పరీక్షతో పిల్లలను ఎంచుకునే గురుకులం తన ఫలితాలు చూపించి గర్వపడితే, కార్పొరేట్ కాలేజీని అడిగిన ప్రశ్నే దాన్నీ అడగాల్సి వస్తుంది.

జవాబు దొరకని ప్రశ్నేమీ కాదు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్లకు దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీసే పద్ధతి ఉంది. సీటు వచ్చిన పిల్లల జాబితాను అధికారులు ఎలాగూ భద్రపరుస్తారు. రానివాళ్ల జాబితాను కూడా పారేయకుండా దాచి, పదో తరగతిలో ఒకసారి, ఉద్యోగాల వయసులో మరోసారి రెండు జాబితాలనూ సరిపోల్చమని విద్యాశాఖను అడగాలి.