బయానా ఇచ్చే ముందు ఒక్క వాక్యం రాయించుకోండి బాబూ!

ఆదిలాబాద్‌లో మా తమ్ముడు ఒక పాత ఇల్లు 40 లక్షలకి మాట్లాడుకుని 3 లక్షలు బయానా ఇచ్చాడు. 80 శాతం లోన్ వస్తుందని లెక్క. బ్యాంకు వాల్యుయర్ వచ్చి ఇల్లు 32 లక్షలే చేస్తుందన్నాడు. అంటే లోన్ 25 లక్షల 60 వేలు. తక్కువపడ్డ 6 లక్షల 40 వేలు ఎక్కణ్ణుంచి తేవాలి? కొనలేనంటే బయానా తిరిగివ్వనన్నాడు అమ్మేవాడు.

రెరా ఉందిగా అంటారా? అది బిల్డర్ల కోసం. సొంతిల్లు అమ్ముకునేవాడి జోలికి రాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ సహేతుకమైన పరిహారమే అంటుంది. కానీ అది నిజంగా బయానాయే అయి, అగ్రిమెంట్‌లో అలా రాసుంటే ఉంచేసుకోవచ్చని 2012లో సతీష్ బత్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

టెక్సస్‌లో ఇల్లు కొన్న మనవాళ్ళని అడగండి. లోన్ రాకపోతే గడువులోగా నోటీసిచ్చి బయటపడే క్లాజు అక్కడ మామూలే. ఇక్కడ అడిగితే డాక్యుమెంట్ రైటర్ నవ్వాడు: "గివన్నీ ఎవలు రాస్తరు సారూ?"

కొనేవాడు దీన్ని సాకుగా వాడుకుంటాడని భయమా? 30 రోజుల గడువు పెట్టండి, బ్యాంకు లెటర్ చూపించాలనండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఇద్దరూ ఒప్పుకుంటే చాలు.

ట్రై రాసి క్యాచ్ రాయకపోతే కోడ్ రివ్యూలో చీవాట్లు పెడతాం. జీవితంలో అతిపెద్ద కొనుగోలుకి మాత్రం కళ్ళు మూసుకుని సంతకం! మీరేమంటారు?