వాసన రాలేదు కాబట్టి నీళ్లు మంచివేనా?

పోస్టు కొంచెం పెద్దదే. ఆదివారం సర్వసభ్య సమావేశానికి వచ్చేముందు ఓపిగ్గా చదవండి.

మూతపడిన పెట్రోల్ బంకు స్థలం కొని ముందు కళ్యాణ మండపం, వెనక ఆడపిల్లల హాస్టల్ కట్టాలని కమిటీ ఆలోచన. మంచి ఆలోచనే. ఉత్తర చెన్నైలో మనకంటూ ఒక నీడ ఉండాలని మా తాత మిల్లు పనికి వచ్చిన నాటి నుంచి అనుకుంటున్నదే. నా గొడవ స్థలంతో కాదు, గ్రూపులో పెట్టిన ఆ నీటి రిపోర్టుతో. "నీళ్లు బాగున్నాయి, ఇక అనుమానాలు వద్దు" అని కింద రాశారు.

ఆ రిపోర్టు రెండుసార్లు చదివాను. పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడు, ఇనుము, కోలిఫాం. అంతే. పెట్రోలు ఊసే లేదు. ల్యాబు తప్పేం లేదు, మనం అడగలేదు, వాళ్లు చూడలేదు. కంటి డాక్టరు చీటీ చూపించి గుండె బాగుందంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఆ నీళ్లు పట్టిన తీరు చూడండి. ట్యాంకు ఉన్నది రోడ్డు వైపు. నీళ్లు తెచ్చింది వెనక మూలనున్న బోరులోంచి. తాగే నీళ్ల ప్లాస్టిక్ సీసాలో పట్టి, స్కూటర్ డిక్కీలో పెట్టి, మర్నాడు ల్యాబులో ఇచ్చారు. పెట్రోల్లో భయపడాల్సిన బెంజీన్ గాలికి ఎగిరిపోయే సరుకు. దాన్ని పట్టాలంటే చిన్న గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, మూత బిగించి, ఐసులో పెట్టి పంపాలి. మనం తీసుకెళ్లిన పద్ధతిలో నిజంగా బెంజీన్ ఉన్నా దారిలోనే పోయేది.

"వాసన రాలేదు కదా" అంటున్నారు. తాగునీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బెంజీన్ ఒక్కదాన్నే తీసుకుంటే, దాని వాసన ముక్కుకు తెలిసేసరికి ఆ హద్దు వందల రెట్లు దాటిపోతుంది. అది రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం. మన పెట్రోల్లో బెంజీన్ ఒక శాతం వరకు ఉండొచ్చు. అంటే లీటరు పెట్రోల్లో సుమారు 9 గ్రాములు. లెక్కేయండి, అది దాదాపు 9 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. 12,000 లీటర్ల నీళ్ల లారీలు డెబ్బైకి పైనే. ఒక్క లీటరు కారితే ఈ లెక్క!

"ట్యాంకు తీసేశారు, గ్యాస్-ఫ్రీ సర్టిఫికెట్ కూడా ఉంది" అని మన కోశాధికారి అన్న. అన్నా, ఆ కాగితం చెప్పేది ట్యాంకులో మండే ఆవిరి లేదని. ట్యాంకు కింద మట్టి గురించి అది ఏమీ చెప్పదు. పైగా కారేది ట్యాంకే కానక్కర్లేదు, పైపుల అతుకుల దగ్గర, పంపుల కింద కూడా కారుతుంది. పెట్రోలు నీటికంటే తేలిక, భూగర్భ జలం మీద తేలుతుంది. ఐప్పసి వానలకు నీటిమట్టం లేచి, ఎండల్లో దిగినప్పుడల్లా ఆ మేర మట్టికి పూసుకుంటూ పోతుంది. మన వైపు ఇసుక నేల, నీళ్లు పైనే ఉంటాయి. 2013లో తండయార్‌పేటలో ఇళ్ల బోర్లలోకి ఇంధనం వచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండాలి. అది పైపులైను లీకు, నిజమే. కానీ నేల అదే నేల, నీళ్లు అవే నీళ్లు.

"ముప్పై ఏళ్లు బంకు నడిచింది, ఎవరికేమైంది?" అనేది ఇంకో మాట. బంకుకు వచ్చినవాళ్లు పెట్రోలు పోయించుకుని పోయారు, ఆ బోరు నీళ్లు తాగుతూ అక్కడ కాపురం పెట్టలేదు. మన హాస్టల్ పిల్లలు పెడతారు. అమెరికాలో 1984లో ఇలాంటి భూగర్భ ట్యాంకుల మీద చట్టం తెచ్చాక, కారినట్టు తేలినవి ఐదు లక్షలకు పైనే. వాళ్లవి కారి మనది కారలేదని ఏ ధైర్యంతో అనుకోవాలి?

నేను అడిగేది మూడే.

1. ట్యాంకు ఉన్న గుంట అడుగున రెండు కొసల్లో, పక్క గోడల్లో, పైపులు పోయిన దారిలో, పంపుల కింద విడివిడిగా మట్టి నమూనాలు తీయాలి. అన్నీ ఒక బకెట్లో కలిపి ఒకటే పంపితే చెడ్డది మంచిదాంట్లో కలిసి మాయమవుతుంది.

2. కనీసం మూడు పరిశీలన బోర్లు వేయాలి. మూడు చోట్ల మట్టం తెలిస్తేనే నీళ్లు ఎటు పారుతున్నాయో తెలుస్తుంది. ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్ష చేయించాలి. బెంజీన్, టోలుయిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ పరీక్షలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకే ఇవ్వాలి.

3. ఈ రిపోర్టులు వచ్చేదాకా రిజిస్ట్రేషన్ వద్దు. ఖర్చు అమ్మేవాళ్లు భరించాలని అగ్రిమెంటులో రాయించాలి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవట్లేదో మనమే అర్థం చేసుకోవాలి.

ధర తక్కువకు వస్తోందని తొందర పడుతున్నాం. రేపు మట్టి చెడిందని తేలితే, రిజిస్ట్రేషన్ అయ్యాక అది మన మట్టి. తవ్వి తీయాల్సిందీ మనమే, పక్కింటి బోరుకు జవాబు చెప్పాల్సిందీ మనమే.

నన్ను అడ్డుపుల్ల అన్నవాళ్ల మీద కోపం లేదు. కానీ ఆదివారం చెయ్యెత్తేముందు ఒక్కటి ఆలోచించండి. మీ కూతుర్ని ఆ హాస్టల్లో చేర్పిస్తే, ఈ రిపోర్టు ఒక్కటి చూసి ఆ బోరు నీళ్లు గ్లాసులో పోసి ఇస్తారా? ఇస్తానన్నవాళ్లు తీర్మానానికి ఓటేయండి. నేను వేయను.