కాయిల్ కొనేముందు నంబరు చదవండి

పాత స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఏదైనా మిస్సింగ్ కొడుతోందంటూ మా షెడ్డుకి వస్తే నేను బానెట్ కంటే ముందు డిక్కీ తెరిపిస్తాను. స్టెప్నీ ఉండే గుంటలో ఒక తెల్ల స్టిక్కరు ఉంటుంది. ఇంజను ఏ రకమో చెప్పే మూడక్షరాల కోడ్ దానిమీద ఉంటుంది. అది చిరిగిపోయి ఉంటే సర్వీసు పుస్తకంలో అదే స్టిక్కరు మరొకటి అంటించి ఉంటారు. పుస్తకం కూడా పోయిందంటే టార్చి పట్టుకుని, ఇంజను గేరుబాక్సుతో కలిసే చోట ఇనుము మీద కొట్టిన అక్షరాలు చదవాల్సిందే. ఆ మూడక్షరాలు తెలియకుండా ఇగ్నిషన్ కాయిల్ కొనడానికి నేను ఒప్పుకోను. ఓనరు తొందరపెట్టినా సరే.

ఈ పట్టుదల చూసి కుర్రాళ్ళు విసుక్కుంటారు. ఈ మధ్య ఈ కార్లను ఎక్కువగా వాళ్ళే కొంటున్నారు. 2000ల మధ్యలో మన దేశంలో అమ్మిన కారు ఇది. 1781 సీసీ ఇంజను, సిలిండరుకు అయిదు వాల్వుల చొప్పున ఇరవై, పైన టర్బో, 150 హార్స్‌పవర్. అప్పట్లో మన రోడ్ల మీద ఆ ధరకి అంత పికప్ ఉన్న సెడాన్లు అరుదు. ఇప్పుడు పదిహేనేళ్ళు దాటి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని, రెండో ఓనరు నుంచి నాలుగో ఓనరు చేతికి వస్తున్నాయి. వచ్చేసరికి లోపల ఏ సామాను ఎవరు మార్చారో చెప్పేవాళ్ళుండరు.

చిక్కంతా ఆ ఇంజను బంధుగణం దగ్గర మొదలవుతుంది. అదే 1.8 టర్బో కుటుంబం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌లో, పసాట్‌లో, ఆడీ ఏ4లో, ఆడీ టీటీలో కూడా ఉంది. చాలా ఏళ్ళపాటు తయారైంది. ఏళ్ళు మారేకొద్దీ కాయిల్స్ కూడా మారాయి. మొదటి తరం వాటిలో కాయిల్‌కి మూడు పిన్నులే. కరెంటును తెంపి కలిపే ట్రాన్సిస్టర్లు విడిగా, ఎయిర్ ఫిల్టరు డబ్బా మీద బిగించిన మాడ్యూల్లో ఉండేవి. తర్వాత ఆ ట్రాన్సిస్టర్ కాయిల్ తలలోకే వచ్చి చేరింది, పిన్నులు నాలుగయ్యాయి. ఆ నాలుగు పిన్నుల వాటిలోనూ రెండు రకాలు. ఒకదాన్ని టాపెట్ కవరుకి స్క్రూలతో బిగిస్తారు. రెండోదానికి స్క్రూలు లేవు, పైనున్న రబ్బరు పట్టుతోనే గుంటలో కూర్చుంటుంది. బల్లమీద పక్కపక్కన పెడితే అన్నీ అన్నదమ్ముల్లాగే కనిపిస్తాయి.

విడిభాగాల షాపు కౌంటర్లో మాట కూడా అలాగే ఉంటుంది. "సేమ్ టు సేమ్ అన్నా, పెట్టేసుకో. పనిచేయకపోతే తెచ్చెయ్." ఒక కుర్రాడు అలా కొన్న నాలుగు కాయిల్స్ సంచిలో వేసుకుని వచ్చాడు. కప్లర్ పట్టడం లేదని అప్పటికే ఎవరో పాత కప్లర్ కోసేసి, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. "తమ్ముడూ, దీనికి ఈసీఎం నుంచి, అంటే ఇంజను కంప్యూటర్ నుంచి, వచ్చేది చిన్న సిగ్నలే. కాయిల్ నడిపించే కరెంటు కాదు. ట్రాన్సిస్టర్ లేని కాయిల్‌ని నేరుగా దానికి తగిలిస్తే కంప్యూటరే పోవచ్చు" అన్నాను. ముందు వైరింగ్ సరిచేశాం. ఆ తర్వాతే కాయిల్స్ గురించి మాట్లాడాం.

ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగేవాళ్ళ కోసం కాయిల్ చేసే పని చెబుతాను. బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టులను అది వేల వోల్టులుగా పెంచి ప్లగ్గు సందులో నిప్పు పుట్టిస్తుంది. సిలిండర్లో గాలి ఎంత ఒత్తుగా ఉంటే ఆ సందు దాటడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. టర్బో చేసేదే గాలిని ఒత్తడం. అందుకే నీరసపడ్డ కాయిల్ ఐడిలింగ్‌లో బాగానే ఉన్నట్టు కనిపించి, ఔటర్ రింగ్ రోడ్డు మీద యాక్సిలేటర్ తొక్కగానే జర్కులిస్తుంది. లోపలి చుట్లలో విద్యుత్తు నిండడానికి ఒక్కో కాయిల్‌కి ఒక్కో సమయం పడుతుంది. ఆ సమయం కంప్యూటర్లో ముందే రాసి ఉంటుంది. వేరే రకం పెడితే అయితే సగమే నిండుతుంది, కాకపోతే ఎక్కువై వేడెక్కి మాడుతుంది. నిప్పు పడకపోతే కాలని పెట్రోలు సైలెన్సరులోని క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి మండుతుంది. చెక్ ఇంజను దీపం ఆగి ఆగి వెలుగుతోందంటే అర్థం అదే. కారు పక్కకి ఆపేయాలి.

నిజానికి ఈ కుటుంబం కాయిల్స్ కొత్తప్పుడే పేరు చెడగొట్టుకున్నాయి. 2003లో అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్లలో అవి వరుసగా పోతుంటే కంపెనీయే లక్షల కార్లకు ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత డిజైను సవరించుకుంటూ వచ్చారు. ఆ సవరణల జాడ పార్టు నంబరులోనే ఉంది. 06ఎ 905 115 అనో 06బి 905 115 అనో మొదలవుతుంది. ముందున్న మూడూ ఇంజను కుటుంబం. 905 అంటే ఇగ్నిషన్ సామాను. 115 అంటే కాయిల్. చివర్లో వచ్చే ఒకటి రెండు అక్షరాలు ఎన్నో సవరణో చెబుతాయి. మన బజారులో అందరూ వదిలేసేది ఆ చివరి అక్షరాన్నే. బాష్, బేరు, హిటాచీ అంటూ పెట్టె మీద కంపెనీ పేరు చూసి తృప్తిపడతారు కానీ, ఒకే కంపెనీ నాలుగు రకాలు చేస్తుంది.

ఎర్ర తల ఉన్న ఆడీ ఆర్8 కాయిల్స్ పెడితే పవర్ పెరుగుతుందని ఇంకో ప్రచారం. అవి మంచి కాయిల్సే. స్క్రూలు లేని రకం కవరులో బాగానే కూర్చుంటాయి, స్క్రూల రకానికి మధ్యలో అడాప్టర్ కావాలి. టర్బో ఒత్తిడి, అంటే బూస్ట్, పెంచిన ఇంజనుకి పనికొస్తాయి. ఫ్యాక్టరీ బూస్ట్‌తో నడిచే కారుకి అదనంగా ఒక్క హార్స్‌పవర్ కూడా ఇవ్వవు. ఆ డబ్బుతో ముందు ప్లగ్గులు మార్చుకోవడం మేలు. అరిగిపోయి సందు పెరిగిన ప్లగ్గే ఎక్కువ కాయిల్స్‌ని చంపుతుంది.

అసలు కాయిల్ పోయిందో లేదో తేల్చుకోవడానికి కూడా పెద్ద ఖర్చు లేదు. స్కానర్లో పి0303 వచ్చిందనుకోండి, మూడో సిలిండరు. దాని కాయిల్ తీసి రెండోదానికి, రెండోది మూడోదానికి పెట్టి ఒక రౌండ్ తిప్పండి. కోడ్ పి0302కి మారితే తప్పు కాయిల్‌ది. పి0303 దగ్గరే నిలిస్తే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్, వైరింగ్ చూడాలి. ఈ కార్లలో కాయిల్ వైర్ల పైపూత ఇంజను వేడికి పెళుసై రాలిపోతుంది. ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చనిదే కొత్త కాయిల్ రబ్బరు కూడా ఉబ్బిపోతుంది. నాలుగు పిన్నుల కాయిల్‌ని మల్టీమీటరుతో కొలిచి 'ఇది పోయింది' అని తేల్చేవాళ్ళని మాత్రం నమ్మకండి. మధ్యలో ట్రాన్సిస్టర్ ఉన్నాక ఆ కొలతకి విలువ లేదు.

తప్పు కాయిల్ కొనడమంతా మెకానిక్కుల అజాగ్రత్త అని తోసేయడం నాకు నచ్చదు. రాణీగంజ్ కౌంటర్లో నిలబడే మనిషికీ, బెజవాడ ఆటోనగర్లో షెడ్డు నడుపుకునే మనిషికీ ఫలానా ఛాసిస్ నంబరుకి ఫలానా పార్టు అని చెప్పే పుస్తకం ఎవరిచ్చారు? ఆ సమాచారం కంపెనీ కంప్యూటర్లలో ఉంది. డీలరుకి కనిపిస్తుంది, మాకు కనిపించదు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో పద్నాలుగు కార్ల కంపెనీల మీద దాదాపు 2,545 కోట్ల జరిమానా వేస్తూ, విడిభాగాలు, మరమ్మతు సమాచారం, పరీక్షా పరికరాలు బయటి గ్యారేజీలకూ అందాలని చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' పోర్టల్ తెరిచి, మొదటి నాలుగు రంగాల్లో వాహనాలను కూడా చేర్చింది. మంచి అడుగు. కానీ కస్టమర్ కేర్ నంబర్లు, వారంటీ వివరాలతో మా షెడ్డులో పని నడవదు.

నేను అడిగేది ఒకటే. మన దేశంలో అమ్మిన ప్రతి కారుకీ, అమ్మకం ఆగిపోయిన మోడళ్ళతో సహా, పదిహేడంకెల ఛాసిస్ నంబరు కొడితే పార్టు నంబరు, దాని స్థానంలో వచ్చిన కొత్త నంబరు, కప్లర్ బొమ్మ కనిపించే పేజీని ఆ పోర్టల్లో పెట్టించాలి. పాస్‌వర్డ్ అక్కర్లేకుండా, ఫోనులో తెరుచుకునేలా. తెలుగులో కూడా ఉంటే మా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలే నంబరు చూసి సామాను తెస్తారు. అప్పటిదాకా ఓనర్లు చేయగలిగిన పని ఒకటుంది. పాత కాయిల్ ఊడదీసిన రోజునే దాని నంబరు, డిక్కీలోని స్టిక్కరు రెండూ ఫోటో తీసి ఫోనులో దాచుకుని, బజారుకి ఆ ఫోటోలు పట్టుకునే వెళ్ళండి.